పిట్ట వాలిన పొలానికి కౌలెవరు కట్టాలి?

(పుదుచ్చేరి పట్టణంలో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి పేరిట మనం ఏటా ఇక్కడ కూడుతున్నామో ఆ పెద్దాయన పేరు ఆహ్వానపత్రం మీద ఉంది. ఆయన్ని నాకన్నా బాగా ఎరిగినవాళ్లు ముందు వరసలోనే కూర్చున్నారు. పొగడ్తలంటే ఆయనకు గిట్టదని వాళ్లే చెప్పారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ పథకం కాగితం బల్ల మీదికి వచ్చినా "ఇందులో రైతుకేంటి?" అని అడిగేవారట. ఈ సాయంత్రం అదే ప్రశ్న అడవి జంతువుల విషయంలో, పక్షుల విషయంలో అడిగి చూద్దాం. తన చేలో జింక మేస్తే, తన చెరువులో కొంగ గూడు కడితే, ఆ రైతుకేంటి?

నా జవాబు ముందే చెప్పేస్తాను. చివరిదాకా ఊరించడం నాకు చేతకాదు. మన దేశంలో అడవి జంతువును అమ్ముకుని బతికే దారి లేదు, ఉండకూడదు కూడా. చూడ్డానికొచ్చేవాళ్లకి టికెట్లు అమ్ముకునే దారి ఉంది గానీ, ఆ డబ్బు పొలం గట్టు మీద ఆగదు, పట్నం చేరిపోతుంది. ఇక మిగిలింది ఒకటే. ఆ ప్రాణికి చోటిచ్చిన భూమికి, నీటికి, చెట్టుకు ఏడాదికింత అని కౌలు కట్టడం. సందర్శకులు వచ్చినా రాకపోయినా కట్టడం.

దూరం నుంచి మొదలుపెడతాను.

కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, చంపితే జైలు. అదే జింక అమెరికాలోని టెక్సాస్ రాంచ్‌లలో, అంటే విశాలమైన పశుక్షేత్రాల్లో, మందలు మందలుగా తిరుగుతోంది. 1932లో అక్కడి ఎడ్వర్డ్స్ పీఠభూమిలో వదిలారు, 1980ల చివరికే 20 వేలు దాటాయి. మన మనుబోతు, అంటే నీలగాయి, 1930 ప్రాంతంలో కింగ్ రాంచ్‌లో కాలుపెట్టి దక్షిణ టెక్సాస్ అంతా పాకింది. బయటి దేశం నుంచి తెచ్చినవి గనక అక్కడి చట్టం ప్రకారం అవి భూమి యజమాని సొత్తు. వేటగాడు తలకింత అని కడతాడు, మాంసం హోటళ్లకు పోతుంది. ఆ గడ్డ మీద పుట్టిన జింకలు మాత్రం అక్కడా ప్రభుత్వానివే. కానీ భూమిలో అడుగుపెట్టడానికి యజమాని రుసుము తీసుకోవచ్చు. 1995లో ఇంకో అడుగు వేశారు. పంట మానేసి వన్యప్రాణుల కోసం భూమిని పోషించినా సాగుభూమికి వేసే తక్కువ పన్నే వేస్తామని రాజ్యాంగం సవరించుకున్నారు. పన్ను రాయితీ కోసమే చుట్టూ ఆవులు తిప్పుతున్న ఆసామికి ఆవులు అక్కర్లేకుండా పోయాయి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. పాకిస్తాన్‌లో కృష్ణజింక ఒక్కటీ మిగలకపోతే, 1970లో టెక్సాస్ నుంచి పది జింకలు తెచ్చి బహావల్పూరు దగ్గర లాల్ సుహాన్రాలో పెంచడం మొదలుపెట్టారు. వేటకోసం పెంచినవాళ్ల దగ్గరినుంచే విత్తనం తెచ్చుకోవలసి వచ్చింది. వేటంటే మండిపడే మిత్రులు ఈ సంగతి మింగలేరు, నాకూ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. కానీ జరిగింది అది.

దక్షిణాఫ్రికా ఇంకా ముందుకు పోయింది. 1991లో చేసిన చట్టంతో, సరైన కంచె వేసిన ఆసామికి లోపలి జంతువుల మీద యాజమాన్యం వచ్చింది. వానలు సరిగా పడని మెట్ట భూముల్లో ఆవుల కన్నా అడవి జంతువులే నాలుగు డబ్బులు మిగులుస్తున్నాయని రైతులు వేలమంది ఇటు మళ్లారు. ఇప్పుడక్కడ ఇలాంటి క్షేత్రాలు సుమారు 9 వేలు. తెల్ల ఖడ్గమృగాల్లో సగానికి పైగా ప్రైవేటు భూముల్లోనే బతుకుతున్నాయి. ఇంతవరకూ మెచ్చుకోవలసిందే.

ఆ తరువాత సంగతీ చూడాలి. సొత్తు అయ్యాక వేలంపాట వచ్చింది. 2012లో ఒక ఆడ అడవి బర్రెకీ దూడకీ సిరిల్ రామఫోసా దాదాపు రెండు కోట్ల రాండ్ల దాకా పాట పెంచి, జనం తిట్టిపోస్తే క్షమాపణ చెప్పుకున్నాడు. ఆయన తరువాత ఆ దేశాధ్యక్షుడయ్యాడు. కొమ్ములు పొడుగ్గా రావాలని, తోలు రంగు మారాలని జంతువుల్ని పందెం కోళ్లలా జతకట్టించారు. సింహాలను బోనులో పెంచి తుపాకీ ముందుకు వదిలే వ్యాపారమూ ఆ చట్టం నీడలోనే పెరిగింది. జాన్ హ్యూమ్ అనే ఆయన ఖడ్గమృగాలను పెంచి, చంపకుండా కొమ్ము కోసి నిలవచేశాడు, ఏనాటికైనా అమ్మకం తెరుస్తారని. అంతర్జాతీయ నిషేధం తొలగలేదు. 2023లో దాదాపు 2 వేల ఖడ్గమృగాలున్న ఆ క్షేత్రాన్ని వేలానికి పెడితే పాటపాడినవాడు ఒక్కడూ లేడు. చివరికి ఆఫ్రికన్ పార్క్స్ అనే స్వచ్ఛంద సంస్థ కొని, వాటిని మెల్లమెల్లగా అడవుల్లోకి పంపే పని తలకెత్తుకుంది. కొనేవాడున్నంత వరకే బతికే సంరక్షణ ఎలా ఉంటుందో చూడాలంటే ఈ కథ చాలు.

జంతువును సొత్తు చేసే ఈ పద్ధతి మన దగ్గర ఎందుకు కుదరదంటే చాలామంది మన సంస్కృతి, మన కరుణ అంటారు. నేను ముందు విస్తీర్ణం అంటాను. కింగ్ రాంచ్ 8 లక్షల 25 వేల ఎకరాలు. యానాం, మాహే, కారైకాల్ అన్నీ కలిపినా మన కేంద్రపాలిత ప్రాంతం మొత్తం అందులో ఏడో వంతుకు అటూఇటూగా ఉంటుంది. ఆంధ్ర, తెలంగాణల్లో సగటు కమతం ఇంచుమించు రెండున్నర ఎకరాలు. పొద్దున ఒకరి చేలో పడుకున్న జింక సాయంత్రానికి పదిమంది గట్లు దాటుతుంది. కంచె ఎక్కడ వేస్తారు, ఎవరి జింక అంటారు? 1972 చట్టం అడవి జంతువును ప్రభుత్వ సొత్తు అంది. సరే, ప్రభుత్వ సొత్తే అనుకుందాం. మేసింది మాత్రం రైతు పైరు.

రోళ్లపాడు సంగతి చూడండి. అప్పటి కర్నూలు జిల్లాలో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు, విస్తీర్ణం 614 హెక్టార్లు. నిలబడితే మీటరు ఎత్తుండే ఆ పక్షి గడ్డిలో గుడ్డు పెడుతుంది, చుట్టుపక్కల రైతుల వర్షాధార చేలల్లో పురుగులూ గింజలూ ఏరుకుంటుంది. అంటే దాని ఇల్లు సర్కారుది, వంటిల్లు రైతుది. కంచె వేసిన గడ్డిలో కృష్ణజింకలు పెరిగాయి, రాత్రిపూట కంచె దాటి చేల మీద పడ్డాయి. నష్టం జింక చేసినా రైతు కోపం పక్షి మీదికి మళ్లింది, ఎందుకంటే ఇదంతా దాని పేరు మీద వచ్చిందే. సాగునీరు వచ్చి పంటలు మారాయి, మెట్ట చేను పోయింది. బట్టమేక పిట్టా పోయింది. ఈ కథలో ఎవర్నీ విలన్ చేయలేం. ఆ పక్షికి వంటిల్లు ఉంచినందుకు ఎకరానికింత అని రైతుకు కట్టినవాడు లేడు, అంతే.

కొల్లేరు ఇంకా చేదు. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమన్నారు, 308 చదరపు కిలోమీటర్లు. అందులో జిరాయితీ భూములున్నాయి, పట్టాలున్నాయి, తరతరాల చేపల వేట ఉంది. 2006లో పేలుడు పదార్థాలు పెట్టి చేపల చెరువుల గట్లు కొట్టారు. చేపల చెరువు తవ్వినవాడికి శిక్ష ఉంది, సరస్సును సరస్సుగా ఉంచినవాడికి రూపాయి లేదు. గట్లు మళ్లీ లేవడంలో ఆశ్చర్యమేముంది?

ఇప్పుడు మన ఇంటి దగ్గరికి వద్దాం. ఇక్కడినుంచి తిండివనం మీదుగా చెన్నై వెళ్తూ మధురాంతకం దాటాక ఎడమకు తిరిగితే వేడందాంగల్ పక్షుల చెరువు. మీలో చాలామంది పిల్లల్ని తీసుకెళ్లే ఉంటారు. బైనాక్యులర్స్‌తో చెట్ల మీద పక్షుల్ని చూసి, బజ్జీలు తిని తిరిగొస్తారు. ఈసారి వెళ్తే చెట్ల వైపు కాకుండా కట్ట దిగువకు, తూము వైపు చూడండి. అసలు సంగతి అక్కడుంది.

ఆ చెరువు పెద్దదేం కాదు, 75 ఎకరాలకు అటూఇటూ. ఈశాన్య రుతుపవనాల వానకి నిండుతుంది. మొదళ్లు నీళ్లలో మునిగిన చెట్ల మీద కొంగలు, నీటికాకులు, గూడబాతులు గూళ్లు కడతాయి. మేత అక్కడ దొరకదు. చుట్టుపక్కల చెరువుల్లో, వరిమళ్లలో, ఉప్పుటేటి కయ్యల్లో చేపా నత్తా తిని ఇక్కడికొచ్చి పిల్లల నోట్లో పెడతాయి. తిన్నదాని మిగులు చెరువులో రాలుతుంది. ఎక్కడెక్కడి నత్రజని, భాస్వరం అంతా రెక్కల మీద ఎక్కి ఈ 75 ఎకరాల నీళ్లలోకి చేరుతుందన్నమాట. నీళ్లు పచ్చగా చిక్కబడతాయి, వాసనా వస్తుంది. తూము తెరిస్తే ఆ నీళ్లే ఆయకట్టు వరికి ఎరువు. ఈ లెక్క రైతుకు విశ్వవిద్యాలయం చెప్పలేదు. ఇంగ్లీషు సిపాయిలు సరదాకి పక్షుల్ని కాలుస్తుంటే ఊరు కలెక్టరు దగ్గరికి పోయి మొరపెట్టుకుంది. 1798లో చెంగల్పట్టు కలెక్టర్ లయొనెల్ ప్లేస్ హయాంలో, ఈ పక్షుల్ని కాపాడుకునే హక్కు మీదని రాయించి ఊరికి కౌలు పత్రం ఇచ్చారు. అరవై ఏళ్ల తరువాత, 1858లో, ఊరు మళ్లీ అడిగి దాన్ని ఖాయం చేయించుకుంది.

గమనించండి, 1798 నాటికి పర్యాటకం లేదు, అటవీ శాఖ లేదు, పర్యావరణం అన్న మాట జనం నోట లేదు. టికెట్టు లేకుండా, తుపాకీ లేకుండా, అమ్మకం లేకుండా అడవి పక్షి మీద ఆదాయం తీసిన ఊరది. రాంచ్ మీద వన్యప్రాణి ఆదాయం అని ప్రపంచమంతా ఇప్పుడు మాట్లాడుతున్నదానికి, రెండు వందల ఏళ్ల కిందటే, మన ఊరికి రెండు మూడు గంటల దూరంలో, మన వరి రైతు రాసుకున్న పాఠం ఉంది. మన సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులోనూ ఇదే లెక్క. పులికాట్‌లో చేప తిన్న గూడబాతు నేలపట్టు చెరువులో ఎరువు వేస్తుంది.

అయితే ఇందులో ఒక పేచీ ఉంది. దాన్ని దాటేసి వేడందాంగల్‌ని పొగిడేవాళ్లతోనే నా తగువు.

గుడ్డు పెట్టిన నాటినుంచి కొంగ పిల్ల ఎగరడానికి దాదాపు మూడు నెలలు కావాలి. ఆ మూడు నెలలూ చెట్టు మొదట్లో నీళ్లుండాలి. నీళ్లు తీస్తే ఏమవుతుంది? ఊరకుక్కలు, నక్కలు, పిల్లులు నడుచుకుంటూ వస్తాయి. గూట్లోంచి జారిన పిల్ల వాటి పాలే. ఒక్కోసారి పెద్ద పక్షులు గూళ్లు వదిలేసి లేచిపోతాయి కూడా. అటు రైతుకు చూస్తే, వరి పొట్టకొచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆఖరి రెండు తడులకి నీళ్లు కావాలి. చెరువులో అడుగున మిగిలిన రెండు మూడు అడుగుల నీరు, అటు పిల్లకీ ఇటు వెన్నుకీ ఒకేసారి కావాలి. వానలు బాగుంటే ఈ పేచీ కనపడదు. కరువు ఏడాది తూము దగ్గర ఇద్దరు రైతులు నిలబడితే తెలుస్తుంది. వన్యప్రాణి సంరక్షణ అనే పెద్ద మాటంతా చివరికి తేలేది ఆ తూము తలుపు దగ్గరే.

పాత రోజుల్లో ఎరువు విలువ ఈ తగువును తీర్చేది. పక్షి వెళ్లిపోతే వచ్చే ఏటికి బలం పోతుందని రైతు ఒక తడి వదులుకునేవాడు. ఇవాళ 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంది. మిగతా ఖరీదు సర్కారు భరిస్తోంది. బోరు ఉంటే చెరువు నీళ్లతోనూ పనిలేదు. సబ్సిడీ యూరియా, బోరుబావి కలిసి కొంగ చేతిలోంచి బేరం లాక్కున్నాయి. యూరియా మానేయమని నేను అనను. ఆ బస్తా లేకపోతే మనకి అన్నం లేదు. కానీ ఒక పక్క సబ్సిడీ ఇచ్చి పక్షి ఎరువును చవక చేసిన సర్కారు, ఇంకో పక్క రైతుకు పక్షి మీద ప్రేమ తగ్గిపోయిందని వాపోవడం బాగుండదు.

1998లో వేడందాంగల్ చెరువుతోపాటు చుట్టూ ఐదు కిలోమీటర్ల మేర అభయారణ్యమని ప్రకటించారు. అంటే ఊళ్లు, పొలాలు అన్నీ. 2020లో ఆ పరిధి తగ్గించాలన్న ప్రతిపాదన వస్తే పక్షిప్రేమికులు అడ్డుపడ్డారు, అది ఆగిపోయింది, మంచిదే. కానీ ఆ ఐదు కిలోమీటర్ల రైతులకు ఆ ప్రకటన వల్ల ఏడాదికి ఎంత వస్తుందని ఆ గొడవలో నాకు ఎక్కడా వినపడలేదు.

అలాంటి కౌలు అందిన ఊరు ఒకటుంది. కర్ణాటకలో మండ్య జిల్లా మద్దూరు తాలూకా కొక్కరెబెళ్లూరు. అక్కడ గూడబాతులు, కొంగలు ఊరి మధ్య ఇళ్ల పెరటి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. గూళ్లున్న చెట్టు దులపలేరు, చింతపండు పోతుంది. ఆ పోయిన పండుకు అటవీ శాఖ చెట్టుకింత అని యజమానికి కడుతూ వచ్చింది. మొత్తం చిన్నదేనని, ఆలస్యంగా వస్తుందని ఊరివాళ్ల గొణుగుడు ఎప్పుడూ ఉంది. అయినా మార్గం సరైంది. ఇచ్చింది పక్షికి కాదు, చెట్టు కొట్టనివాడికి. 2007లో ఆ ఊరిని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించారు.

ఈ కమ్యూనిటీ రిజర్వు అనే ఏర్పాటు 2002 చట్ట సవరణతో వచ్చింది. ప్రైవేటు భూమినో ఊరుమ్మడి భూమినో యజమానులు తమంతట తాము ముందుకొచ్చి అప్పగిస్తే ప్రకటిస్తారు. ఒకసారి ప్రకటించాక కమిటీ తీర్మానం, ప్రభుత్వ అనుమతి లేకుండా ఆ భూమిని మరో పనికి మార్చడానికి లేదు. రైతు కోణంలో చదవండి. చేతులు కట్టేసే నిబంధన ఉంది, చేతిలో రూపాయి పెట్టే నిబంధన లేదు. తెలుగు నేల మీద రైతులు దీనికోసం ఎగబడకపోవడంలో వింతేమీ లేదు.

అనంతపురం వైపు వీరాపురం చింతచెట్ల మీదికి ఏటా కొంగలొస్తాయి. పురుటికి వచ్చిన ఆడపడుచులని ఊళ్లో చెప్పుకుంటారు, చెట్టు జోలికి పోరు. డబ్బు మాట ఎత్తితే ఆ ఆప్యాయత చెడిపోతుందని కొందరు పెద్దలు నాతో వాదించారు. ఆప్యాయతను నేను తక్కువ చేయను. కానీ ఆడపడుచుకి పురుడు పోయడానికీ ఖర్చవుతుంది కదా! ఆ ఖర్చు పుట్టింటివాళ్లే పెట్టుకోవాలి, ఫొటోలు తీసుకోవడానికి మాత్రం ఊరంతా వస్తామంటే ఎలా?

కెన్యాలో మసాయి మారా చుట్టూ ఉన్న ఏర్పాటు మనకి ఇంకా దగ్గరగా ఉంటుంది. 1977లో ఆ దేశం వేటను పూర్తిగా నిషేధించింది, మనలాగే. ఆ తరువాతి నలభై ఏళ్లలో అక్కడి మేతభూముల్లో వన్యప్రాణులు మూడింట రెండు వంతులు తగ్గిపోయాయి. నిషేధం ఒక్కటే కాపాడదని దీనికన్నా గట్టిగా చెప్పే లెక్క లేదు. ఉమ్మడి భూములు పంచుకుని ఎవరి పట్టా వాళ్లు తీసుకున్న మసాయి కుటుంబాలు, పక్కపక్క కమతాలను కలిపి పర్యాటక సంస్థలకు కౌలుకిచ్చాయి. కంచె వేయకూడదు, దున్నకూడదు, పశువుల మేత కట్టుబాటు ప్రకారం ఉండాలి. ప్రతి కుటుంబానికీ ఎకరాల లెక్కన నెలనెలా బ్యాంకులో డబ్బు పడుతుంది, ఆ నెలలో సింహం కనపడిందా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. నాకు నచ్చింది ఆ చివరి నిబంధన. నచ్చనిది, ఆ డబ్బంతా విదేశీ పర్యాటకుడి జేబు నుంచే రావడం. 2020లో కరోనా వచ్చి విమానాలు ఆగిపోగానే చాలాచోట్ల కౌలుకు కోతపడింది.

ఇవన్నీ మనసులో పెట్టుకుని మన ఊసుడు చెరువు దగ్గరికి రండి. ఊస్టేరి అనండి, ఏదన్నా అనండి. పట్టణానికి పది కిలోమీటర్లు. దాదాపు 800 హెక్టార్లు, సగం పుదుచ్చేరిది, సగం విల్లుపురం జిల్లాది. పక్షికి సరిహద్దు తెలియదని ఉపన్యాసాల్లో చెప్పడం బాగుంటుంది, రెండు ప్రభుత్వాల ఫైళ్లకు మాత్రం బాగా తెలుసు. మన సగాన్ని 2008లో పక్షుల అభయారణ్యం చేశారు. పుదుచ్చేరిలో ఇలాంటి చెరువులు 84. ఫ్రెంచివాళ్ల కాలంలో రైతు సంఘాలు వాటిని చూసుకునేవి. తలా ఇంత వేసుకుని పూడిక తీసేవారు, తూము కాపలా పెట్టేవారు. బోర్లు వచ్చాక చెరువుతో రైతుకు పని తప్పింది, సంఘాలు సన్నగిల్లాయి. 1999 నుంచి యూరోపియన్ యూనియన్ సాయంతో పూడికలు తీశారు, సంఘాలను మళ్లీ నిలబెట్టారు. పథకం అయిపోయింది. రైతుకూ చెరువుకూ మధ్య రోజువారీ సంబంధం మాత్రం తిరిగి రాలేదు.

ఇక్కడే పట్టణంగా మన వంతు వస్తుంది. పుదుచ్చేరి తాగేది భూగర్భ జలమే, మనకి వేరే ఆధారం లేదు. ఆ జలాన్ని నింపుతున్నవి ఊసుడు, బాహూరు లాంటి చెరువులే. సముద్రం పక్కనే ఉన్న ఊరికి ఉప్పునీరు లోపలికి రాకుండా అడ్డుపడుతున్నవీ అవే. అంటే ఎండాకాలంలో చెరువు అడుగున మిగిలిన ఆ రెండు మూడు అడుగుల నీళ్లకి ముగ్గురు గిరాకీలున్నారు. రైతు, పక్షి, మనం. ముగ్గురిలో మనమొక్కరమే డబ్బున్నవాళ్లం, మనమొక్కరమే పైసా కట్టనివాళ్లం.

శని, ఆదివారాల్లో ఈ పట్టణంలో హోటల్ గది దొరకదు. గదికి రాత్రికి పది రూపాయలు చెరువు రుసుము వేస్తే ఏ అతిథీ వెనక్కి తిరిగిపోడు. నీటి బిల్లు మీద కొద్దిపాటి రుసుము దానికి కలపండి. పర్యాటకులు తగ్గిన ఏడు కూడా నీళ్లు తాగడం ఆగదు గనక కెన్యాకు పట్టిన గతి మనకి పట్టదు. ఆ డబ్బుతో ఆయకట్టు రైతులకు ఎకరాల లెక్కన కౌలు కట్టాలి. షరతు ఒకటే. తూము పక్కన రాతి మీద ఒక గీత గీసి, పక్షి పిల్లలు ఎగిరేదాకా నీళ్లు ఆ గీత కిందికి పోకూడదు. గీత పైన ఉన్నదంతా రైతు ఇష్టం. ఎన్ని పక్షులొచ్చాయని లెక్కపెట్టి డబ్బులివ్వొద్దు. రాని పక్షికి రైతు బాధ్యుడు కాడు, వచ్చిన పక్షికి అతనొక్కడే కారణమూ కాడు. నీటిమట్టం మాత్రం అతని చేతిలో ఉంటుంది, ఎవరైనా వెళ్లి కంటితో చూసుకోవచ్చు.

ఒక జాగ్రత్త చెప్పాలి. మన పల్లెల్లో పట్టా ఒకరిది, నాగలి ఇంకొకరిది. పరిహారమంటే పట్టాదారు ఖాతాలో పడుతుంది, కౌలు రైతు నష్టంలో మిగులుతాడు. తడి వదులుకునేది దున్నేవాడు గనక డబ్బు అతనికే చేరాలి. ఇది రాసుకోకపోతే మొదటి ఏడే పథకం పట్నంలో ఉంటున్న భూస్వామికి ఇంకో పెన్షన్ అయిపోతుంది.

యానాం నుంచి రాత్రంతా ప్రయాణం చేసి ఈ సభకు వచ్చిన పిల్లలు మా సంగతేంటని అడుగుతారు. మీకు ఆనుకునే కోరింగ ఉంది, 1978లో అభయారణ్యమైంది, 235 చదరపు కిలోమీటర్లు. అక్కడ వేడందాంగల్ ఎరువు పాత్రను మడ అడవి వేళ్లు పోషిస్తాయి. రొయ్యపిల్ల, పీతపిల్ల, చేపపిల్ల ఆ వేళ్ల మధ్యే పెరిగి వేటగాళ్ల వలల్లోకి వస్తాయి. చుట్టుపక్కల ఊళ్ల కమిటీలు అటవీ శాఖతో కలిసి చెక్కవంతెన, పడవలు నడపడం మంచి మొదలు. కానీ పడవ టికెట్టు కన్నా వల బరువే అసలు ఆదాయమని మరిచిపోకండి. ఆదివారం జనం ఎక్కువయ్యారని మడల్లో ఇంకో వంతెన కట్టే ప్రతిపాదన వస్తే ముందు వేటకెళ్లేవాళ్లని అడగండి.

నన్ను తప్పు పట్టేవాళ్లుంటారు. ప్రకృతికి ధర కడతావా అంటారు. ధర నేను కట్టడం లేదు, ఇప్పటికే కట్టి ఉంది. రోళ్లపాడు రైతు ఒక రాత్రి చేనుతో కట్టాడు, కొక్కరెబెళ్లూరు ఇల్లాలు చింతపండుతో కట్టింది. ఆ బిల్లు ఎవరి పేరు మీద రాయాలన్నదే నా ప్రశ్న.

ఈ స్మారక నిధిని నడుపుతున్న కుటుంబానికి, సంఘం పెద్దలకు ఒక మనవి. ప్రభుత్వం చెరువు రుసుము వేసేదాకా ఆగొద్దు. బాహూరు వైపు చిన్న చెరువు ఒకటి ఎంచుకోండి, ఆయకట్టు నలభై యాభై ఎకరాలు దాటనిది. అక్కడి రైతు సంఘంతో కూర్చుని ఒక ఏడాదికి కౌలు ఎంతో వాళ్లనే చెప్పమనండి, తూము పక్కన గీత వాళ్లచేతే గీయించండి. ఈ సభకీ, ఈ భోజనాలకీ, నాకు కప్పిన ఈ శాలువాకీ అయిన ఖర్చు దానికి మొదటి చందాగా రాసుకోండి. వచ్చే ఏడు ఉపన్యాసానికి నాలాంటి వాణ్ని పిలవకుండా, ఆ చెరువు కింద వరి పండించే ఆమెనో ఆయన్నో పిలిచి, లెక్క సరిపోయిందో లేదో ఈ మైకు ముందు చెప్పించండి.